ఒకటో నంబరు బటన్

"ఫోను ఇటివ్వరా," అని ఆపరేటరమ్మ మూడోసారి అడిగింది. కొడుకు ఇవ్వలేదు. దాన్ని చొక్కా జేబులో వేసుకుని, జేబు మీద అరచెయ్యి ఆనించుకుని నిలబడ్డాడు.

హాల్లో కుర్చీలో వాచీల మేస్త్రి కూతురు కూర్చుని ఉంది. ఆసుపత్రి నుంచి తిన్నగా ఇక్కడికే వచ్చింది. మొన్న బస్సు దిగినప్పటి కండక్టరు యూనిఫారమే ఇంకా ఒంటి మీద ఉంది. కోడలు ఇచ్చిన టీ చల్లారి పైన తెట్టు కట్టింది. ఆ పిల్ల దాని వంకైనా చూడలేదు.

"మా నాన్న మంగళవారం పొద్దున్న స్నానాలగదిలో పడ్డాడు," అంది. "నేను డ్యూటీ దిగి వచ్చి తలుపు తీసింది బుధవారం సాయంత్రం. ఈ మధ్యలో రెండు పొద్దులూ మీ గొలుసు టంచనుగా కలిసిందని మీరే చెప్పారు. మా నాన్న నేల మీద పడి ఉంటే ఎలా కలిసింది? ఆయన్ని దాటేసిన మనిషెవరో నాకు చెప్పండి. అది తెలుసుకుని పోతాను."

చిన్నప్పటి నుంచీ 'పిన్నీ, నువ్వు' అంటూ కొంగు పట్టుకుని తిరిగిన పిల్ల. ఇవాళ 'మీరు' అంటోంది. 

గొలుసు అంటే బ్రహ్మవిద్యేం కాదు. పొద్దున్న ఆరింటికి ఆపరేటరమ్మ మొదటి మనిషికి ఫోను చేసి, లేచారా, ఒంట్లో ఎలా ఉంది అని రెండు నిమిషాలు పలకరిస్తుంది. ఆ మనిషి రెండో మనిషికి చేస్తుంది, రెండో మనిషి మూడో మనిషికి. అలా ఆరో మనిషి లెక్కల మాస్టారు, ఏడో మనిషి వాచీల మేస్త్రి, ఎనిమిదో మనిషి దర్జీ పిన్ని. ఆఖరున తొమ్మిదో మనిషి బేకరీ తాత ఆరున్నర దాటేసరికి ఆపరేటరమ్మకే చేసి "గొలుసు కలిసిందమ్మా" అంటాడు. చెప్పుకోడానికి అంతే. కానీ ఒంటరి గదుల్లో బతుకు ఈడుస్తున్న ఆ ముసలి ప్రాణాల్లో కొందరికి రోజు మొత్తం మీద చెవిన పడే మనిషి గొంతు అదొక్కటే.

దానికి రెండు కట్టుబాట్లు ఉన్నాయి. ఎవరైనా మూడుసార్లు చేసినా ఎత్తకపోతే, వెంటనే ఒక మనిషి వాళ్ళింటికి వెళ్ళి చూడాలి. ఇక ఎవరికి ఏ ఆపద వచ్చినా, ఫోనులో ఒకటో నంబరు బటన్ నొక్కి పట్టుకుంటే చాలు, అది ఆపరేటరమ్మకి మోగుతుంది. కళ్ళు కనపడకపోయినా, చేతులు వణుకుతున్నా నొక్కగలిగే బటన్ అది. తొమ్మిది ఇళ్ళకీ ఆమే స్వయంగా తిరిగి, తొమ్మిది ఫోన్లలోనూ తన నంబరు ఎక్కించి వచ్చింది. "ఎప్పుడు నొక్కినా నేను ఎత్తుతాను," అని ఒక్కొక్కళ్ళకీ చేతిలో చెయ్యేసి చెప్పింది. ముప్పై ఒక్క ఏళ్ళు టెలిఫోన్ ఎక్స్ఛేంజిలో పనిచేసి, తన బోర్డు మీద వెలిగిన ఒక్క దీపాన్నీ వదిలెయ్యని మనిషాయె. ఆమె మాటంటే వాళ్ళకి రాతిమీద గీత.

అటువంటి మనిషి ఇప్పుడు కొడుకు జేబు మీంచి చూపు తిప్పుకోలేకపోతోంది. ఆ ఫోనులో ఏముందో ఇంట్లో ఆమెకొక్కదానికే తెలుసు. మంగళవారం పొద్దున్న వాచీల మేస్త్రి నుంచి ఏడు కాల్స్ వచ్చాయి. ఒక్కటీ ఆమె ఎత్తలేదు. మొదటి రెండూ తన వేలితో తనే కట్ చేసింది. ఆ తర్వాత సౌండు తీసేసి ఫోనును దిండు కింద దోపింది.

అంత కక్ష ఏమిటయ్యా అంటే, ఏమీ లేదు. మేస్త్రికి మాటల పిచ్చి. రెండు నిమిషాలు మాట్లాడమంటే దర్జీ పిన్నితో పావుగంట సొద పెడతాడు. గొలుసు ఏడింటికి గానీ కలవదు. కిందటి ఆదివారం ఆపరేటరమ్మకి ఒళ్ళు మండి నాలుగు దులిపేసింది. ఆయనా తక్కువ తినలేదు. అయితే నన్ను తీసి పారెయ్యి, నీ గొలుసు లేకపోతే నాకు తెల్లారదా అన్నాడు. ఆమె వెంటనే లెక్కల మాస్టారికి చేసి, ఓ నాలుగు రోజులు మేస్త్రిని దాటేసి తిన్నగా దర్జీ పిన్నికి చెయ్యండి, అలక తీరాక ఆయనే దారికొస్తాడు అని చెప్పింది. మాస్టారు రెండుసార్లు వద్దమ్మా అన్నాడు. ఆమె వినలేదు. అందుకే మంగళవారం ఆ ఫోను మోగితే, తగువు పెట్టుకోడానికే చేస్తున్నాడనుకుంది. ఉడకనీ కాసేపు అనుకుంది.

ఆ సంగతి మొన్నటి నుంచీ కక్కలేక మింగలేక ఛస్తోంది.

"ఆపరేషన్ అయిన దగ్గర్నుంచీ ఒకటే కలవరింత," అంటోంది మేస్త్రి కూతురు. "'ఎత్తట్లేదు, ఎత్తట్లేదు. ఎవరైనా వెళ్ళి చూడండి.' ఎవరు ఎత్తట్లేదు నాన్నా అంటే చెప్పడు. ఫోనా, నీళ్ళలో నాని పనికిరాకుండా పోయింది. నాకు చేస్తే నేనే ఎత్తట్లేదనుకున్నాడు కాబోలు. నాకు ఆయన ఫోను రానేలేదు. గొలుసు ఉందిగా అన్న ధీమాతో రెండు రోజులూ నేను ఫోను చెయ్యలేదు."

ఎత్తట్లేదు అన్న మాట ఆపరేటరమ్మకి చెంప మీద కొట్టినట్టు తగిలింది. ఇంకా పూర్తిగా తెలివిలోకి రాకుండానే తన మీద చాడీ చెబుతున్నాడని, తెలివి వచ్చాక అందరి ముందూ చెబుతాడని ఆమెకి భయం పట్టుకుంది.

కొడుకు అందుకున్నాడు. అతను లిఫ్టు మెకానిక్కు. ఏది మాట్లాడినా తన పనిలోంచే మాట్లాడతాడు. "ఎక్కడో తేడా ఉన్న లిఫ్టుకి నేను బోర్డు కట్టేసి వస్తాను, ఎవరూ ఎక్కొద్దని. ఎంతమంది తిట్టినా విప్పను. ఇదీ అంతే. నీకు డెబ్బై రెండేళ్ళు. ఇంతమంది ప్రాణాల పూచీ నీ నెత్తినెందుకు? ఇవాళ్టితో గొలుసు బంద్. నేనే అందరికీ చేసి చెబుతాను."

"వాళ్ళకి వేరే ఎవరూ లేరురా."

"ఉంటారు. ఉండకపోతే చూసుకుంటారు. మాస్టారిని రమ్మన్నాను. ఏడో మనిషికి చెయ్యాల్సింది ఆరో మనిషేగా. ముందు ఆయన సంగతి తేలనీ."

ఆయన్ని పిలిచావా అని అడగబోయింది. ఈలోగా గుమ్మం దగ్గర దగ్గు వినపడింది.

లెక్కల మాస్టారు లోపలికి వచ్చాడు. వెనక వీధిలో మేడ మీద ఒంటిగది ఆయనది. మూడంతస్తులు దిగి, ఇక్కడ రెండంతస్తులు ఎక్కి వచ్చాడేమో, ఊపిరి ఎగబీలుస్తున్నాడు. నలభై ఏళ్ళు ఇస్త్రీ మడత చెదరకుండా బడికి వెళ్ళిన మనిషి, ఇవాళ చొక్కా గుండీలు ఒకటి తప్పించి ఒకటి పెట్టుకున్నాడు. కోడలు కుర్చీ జరిపి టీ తెస్తానంది. వద్దన్నాడు. చక్కెర జబ్బుకి ఇన్సులిన్ సూది వేసుకుని రొట్టె చేతిలోకి తీసుకునేసరికి పిలుపు వచ్చిందనీ, ఇంటికి వెళ్ళి తింటాననీ అన్నాడు. కూర్చోమన్నా కూర్చోలేదు.

"మా నాన్నని దాటేసింది మీరేనా?" అని మేస్త్రి కూతురు సూటిగా అడిగింది.

మాస్టారు ఒక్క క్షణం నేల వంక చూశాడు. ఆపరేటరమ్మ వంక మాత్రం చూడలేదు. అటు తల తిప్పితే ఎక్కడ బయటపడిపోతుందోనని కావాలనే తిప్పుకోలేదని ఆమెకి తెలిసింది.

"నేనేనమ్మా," అన్నాడు.

"ఎందుకు?"

"ఆయన మాట్లాడుతుంటే ఆలస్యమవుతోందని. తప్పు నాదే."

"ఆలస్యం," అంది ఆ పిల్ల. ఆ మాటనే ఇంకోసారి అంది. తర్వాత ఏడవడం మొదలుపెట్టింది. ఏడుస్తూనే ఆయన్ని దుమ్మెత్తిపోసింది. చిన్నప్పుడు తనకి ఎక్కాలు నేర్పింది మీరే కదా అంది. మా నాన్న మీకు వాచీ బాగుచేసి ఇచ్చి చిల్లిగవ్వ పుచ్చుకోలేదే, పది నిమిషాలు ఆయన మాట వినడానికి మీకు తీరిక లేకపోయిందా అంది. తుంటి ఎముక విరిగి, కళ్ళజోడు పగిలి, తడినేల మీద ఒకటిన్నర రోజు పడి ఉన్న మనిషిని ఒక్కసారి తలుచుకోండి అంది. అన్నం ఎలా దిగిందండీ మీకు అంది.

మాస్టారు అన్నీ విన్నాడు. 

ఆపరేటరమ్మ కొంగుచివర గుప్పిట్లో నలుపుతూ నిలబడింది. చెప్పు, ఇప్పుడు చెప్పు అని లోపల ఎవరో పొడుస్తున్నారు. నోరు తెరిచింది కూడా. కానీ చెబితే ఏమవుతుందో కళ్ళకి కట్టింది. గొలుసులో మిగిలినవాళ్ళు ఇక ఆ బటన్ నొక్కరు. నొక్కినా ఎత్తదనుకుంటారు. కొడుకు ఇక జన్మలో ఫోను చేతికివ్వడు. ఈ పిల్ల మొహం మళ్ళీ చూడలేదు. తెరిచిన నోరు అలాగే మూసుకుంది. జీవితంలో తన మీద తనకి ఇంత అసహ్యం ఎప్పుడూ వెయ్యలేదు.

మాస్టారు చొక్కా జేబులోంచి అట్టముక్క తీశాడు. గొలుసు నంబర్లు పెద్ద అక్షరాలతో ఆపరేటరమ్మ రాసిచ్చిన కాగితం. అట్టకి అంటించి, పైన ప్లాస్టిక్ తొడిగి అపురూపంగా దాచుకున్నాడు. దాన్ని టీ కప్పు పక్కన పెట్టాడు.

"రేపటి నుంచి నాకు ఎవరూ చెయ్యక్కర్లేదమ్మా," అన్నాడు. ఆ మాట అన్నది ఆపరేటరమ్మతోనే, కానీ అప్పుడూ ఆమె మొహం చూడలేదు. "దర్జీ పిన్నికి నా బదులు ఇంకెవరినైనా చూడు. ఆమెకి ఎడమ చెవి వినపడదు. కాస్త గట్టిగా మాట్లాడేవాళ్ళని చూడు."

వెళ్ళిపోయాడు. మెట్ల మీద ఆయన చెప్పుల చప్పుడు రెండుసార్లు ఆగి మళ్ళీ వినపడింది.

కొడుకు జేబులోంచి ఫోను తీసి భార్యకిచ్చాడు. తొమ్మిది నంబర్లూ ఒక కాగితం మీద రాయి, ఒక్కొక్కళ్ళకీ చేసి చెప్పేస్తాను అన్నాడు. కోడలు పళ్ళ డాక్టరు దగ్గర రిసెప్షన్‌లో పనిచేస్తుంది. రోజుకి వంద కాల్స్ చూసే మనిషి. ఆమె వేలు తెర మీద పైకి జరిగింది, ఇంకొంచెం జరిగింది, ఆగిపోయింది. కళ్ళెత్తి అత్తగారి వంక చూసింది.

ఆపరేటరమ్మ చూపు దించుకుంది.

"ఛార్జింగు లేదండీ," అంది కోడలు మామూలు గొంతుతో. "కాసేపు పెట్టి తెస్తాను." వంటింట్లోకి వెళ్ళింది. వెనకే ఆపరేటరమ్మ వెళ్ళింది. తలుపు చేరవేశారు.

"ఏడు," అంది కోడలు గొంతు తగ్గించి.

"ఊఁ."

"రెండు మీరే కట్ చేశారు, అత్తయ్యా."

అత్తగారు తల ఊపింది. మాస్టారితో దాటెయ్యమని చెప్పిందీ మీరేనా అని కోడలు అడిగింది. దానికీ ఆమె తల ఊపింది. పదకొండేళ్ళ కాపురంలో ఈ అత్తాకోడళ్ళు ఉప్పు దగ్గర, నీళ్ళ దగ్గర, పిల్ల చదువు దగ్గర పోట్లాడుకున్నారు గాని, ఒకరికొకరు ఎదురుగా నిలబడి ఇంత మాట లేకుండా ఎప్పుడూ ఉండలేదు.

"తీసెయ్యనా?" అంది కోడలు. "ఆ రోజు కాల్స్ మొత్తం పోతాయి. మేస్త్రిగారి ఫోను ఎలాగూ పాడైంది. మందుల మత్తులో ఆయన ఏమన్నా కలవరింతే అనుకుంటారు. నేను చూడలేదనుకుంటాను. ఈ ఇంట్లో మీరు తలెత్తుకుని తిరగాలి, నాకు అది కావాలి."

ఆపరేటరమ్మ ఆ అమ్మాయి చెయ్యి పట్టుకుంది. ఇంతకాలం ఆ చెయ్యి తనకి ఇంత ఆసరా అవుతుందని అనుకోలేదు.

"తీసెయ్యి," అంది.

కోడలు వేలు తెర మీదకి వెళ్ళింది. వెళుతూ వెళుతూ, ఏదో తోచినట్టు, మాస్టారు టీ అయినా తాగలేదు, సూది వేసుకుని ఖాళీ కడుపుతో అన్ని మెట్లూ ఎక్కి దిగారు పాపం అంది. అది ఎవరినీ పొడవడానికి అన్న మాట కాదు. మామూలుగా అంది.

ఆపరేటరమ్మ ఆ మణికట్టు గట్టిగా పట్టుకుని వెనక్కి లాగింది. "వద్దు. ఇలా తే."

"అత్తయ్యా, ఆలోచించండి."

"మొన్నటి నుంచీ అదే చేస్తున్నానమ్మా. తే."

ఫోను పట్టుకుని హాల్లోకి వచ్చింది. మేస్త్రి కూతురు వెళ్ళడానికి లేచి సంచీ భుజానికి తగిలించుకుంటోంది. ఆపరేటరమ్మ గుమ్మానికి అడ్డంగా నిలబడింది. కూర్చుంటే మళ్ళీ లేవలేనని ఆమెకి తెలుసు.

"మాస్టారు అబద్ధమాడాడు," అంది. "దాటెయ్యమన్నది నేను. ఆయన వద్దన్నా నేనే చేయించాను. అది సగమే. మీ నాన్న మంగళవారం ఒకటో నంబరు నొక్కాడు. నాకు మోగింది. నేను ఎత్తలేదు."

కొడుకు ఏదో అనబోయాడు. ఆమె చెయ్యి అడ్డం పెట్టింది.

"ఎన్నిసార్లు?" అంది మేస్త్రి కూతురు.

"ఏడు."

"ఎన్నింటికి?"

ఆపరేటరమ్మ కళ్ళజోడు సవరించుకుంది. ఎక్స్ఛేంజిలో ముప్పై ఒక్క ఏళ్ళు ట్రంకు కాల్స్ వేళలు చదివిన గొంతుతోనే, ఒక్కటీ వదలకుండా చదివింది. ఏడు గంటల నాలుగు నిమిషాలు, కట్ చేశాను. ఏడూ ఆరు, కట్ చేశాను. ఏడూ పదిహేను. ఏడూ నలభై. ఎనిమిదీ ముప్పై. తొమ్మిదీ ఇరవై అయిదు. తొమ్మిదీ యాభై. ఆ తర్వాత ఏమీ లేవు. 

 కొడుకు కిటికీ వైపు తిరిగిపోయాడు. మేస్త్రి కూతురు సంచీ భుజం మీద నుంచి జారి నేల మీద పడింది. ఆమె దాన్ని తియ్యలేదు.

"కొట్టు," అంది ఆపరేటరమ్మ. "తిట్టు. మాస్టారిని అన్నవన్నీ నన్ను అను. నా మీద చాడీ చెప్పినట్టు ఎత్తట్లేదు, ఎత్తట్లేదు అని మీ నాన్న అంటున్నాడంటే, నాకు తెలుసు అది ఎవరి గురించో."

"చాడీ కాదు," అంది ఆ పిల్ల. వేళ్ళు మడుస్తూ ఆ ఏడు వేళలూ తనలో తను ఇంకోసారి లెక్కపెట్టుకుంది. తర్వాత మెల్లిగా అంది: "ఎత్తట్లేదు అని ఊరుకోవడం లేదు. ఎవరైనా వెళ్ళి చూడండి అంటున్నాడు. రెండు రోజులుగా నర్సుని పట్టుకుని అంటున్నాడు, డాక్టర్ని పట్టుకుని అంటున్నాడు. ఎవరిని చూడాలో నాకు అర్థం కాలేదు." తలెత్తింది. "నువ్వు ఎత్తకుండా ఉండవు కదా పిన్నీ. ఎప్పుడూ ఉండలేదు కదా. నీకేదో అయిందనుకున్నాడు. కింద పడి, లేవలేక, నీ కోసం కంగారు పడ్డాడు."

 ఆపరేటరమ్మకి ఏడుపు వస్తే బాగుండుననిపించింది, రాలేదు. తను ఇక్కడ ఫోనును దిండు కింద దోపి కూర్చుంటే, అక్కడ తనకేమైందోనని ఆ తడినేల మీద ఒక మనిషి బెంగపెట్టుకున్నాడు. ఆ సంగతి తెలిశాక బతికి ఉండడం ఎలాగో ఆమెకి అర్థం కాలేదు.

"ఈ మాట ఆయనకి నేను చెప్పను," అంది మేస్త్రి కూతురు. "నువ్వే వచ్చి చెప్పాలి. తర్వాత నిన్ను నేను ఏం చెయ్యాలో నాకే తెలీదు."

"వస్తాను," అంది ఆపరేటరమ్మ. "ముందు మాస్టారికి చెప్పనీ. నా తప్పు నెత్తిన పెట్టుకుని వెళ్ళాడు."

టీ కప్పు పక్కన ఉన్న అట్ట మీద ఆరో మనిషి నంబరు తనే రాసింది. చూడక్కర్లేకుండా నొక్కింది. మోగింది. మోగి మోగి ఆగింది. ఆయన వెళ్ళి పావుగంట దాటింది. వెనక వీధి ఎంత దూరమని. ఇంటికి చేరే ఉంటాడు.

రెండోసారి నొక్కింది. ఈసారి ఫోను అందరికీ వినపడేలా పెట్టింది. ఆ చిన్న హాల్లో ఆ మోత గోడలకి తగులుతోంది. కోపంతో ఎత్తట్లేదేమో అన్నాడు కొడుకు. అని, తను అన్నది తనకే వినపడి, మొహం పాలిపోయింది.

"ఆయన రొట్టె తినలేదు," అంది కోడలు వంటింటి గుమ్మంలోంచి. గబగబా లోపలికి వెళ్ళి చక్కెర డబ్బా చేతబట్టుకుని వచ్చింది.

మూడోసారి.

ఆపరేటరమ్మ ఒక్కొక్క మోతా లెక్కపెట్టుకుంటూనే చెప్పులు వేసుకుంది. ఎడమది కుడికాలికి వేసుకుంది, మళ్ళీ మార్చుకుంది. బంద్ అన్న కొడుకే తలుపు వెనక ఉన్న పనిముట్ల సంచీ భుజానికి ఎత్తుకున్నాడు. లోపల చిక్కుకున్న మనుషుల కోసం తలుపులు తెరిచే ఇనపకడ్డీ అందులోనే ఉంటుంది.

మేస్త్రి కూతురు ముందుగా వెళ్ళి వీధి తలుపు తీసి పట్టుకుంది. ఆపరేటరమ్మ మెట్లు దిగుతుంటే చేతిలో ఫోను ఇంకా మోగుతూనే ఉంది.